మిందెలోలో పొద్దున్నే కచూపా

ఆఫ్రికా పడమటి తీరానికి అవతల, అట్లాంటిక్‌లో ఉన్న కేప్ వెర్ద్ దీవుల్లోని మిందెలో ఊళ్ళో పొద్దున టిఫిన్ అంటే నిన్నటి కచూపానే, అంటే మొక్కజొన్న, చిక్కుడు గింజలు, దుంపలు కలిపి ఉడికించే వంటకం. రాత్రి మిగిలినదాన్ని ఉల్లిపాయలతో బాణలిలో అడుగు కాస్త ఎర్రబడేదాకా వేయించి, పైన గుడ్డు, పక్కన లింగ్విసా అనే పోర్చుగీసు సాసేజ్ వేసి ఇస్తారు. అసలు కచూపా కన్నా నాకు ఇదే బాగా నచ్చింది.

అసలుదానికి ఓపిక కావాలి. ఎండు మొక్కజొన్న గింజల్ని కొంచెం తడిపి చెక్క రోట్లో దంచుతారు. పైపొట్టు ఊడాలి, గింజ మాత్రం పిండి కాకూడదు. మేం దిగిన ఇంటి పెద్దావిడ మధ్యమధ్యలో ఆపి, గుప్పెడు గింజలు అరచేతిలో వేసుకుని, పొట్టు ఊదేసి చూసుకునేది. వాటిని రాత్రంతా నానబెట్టి, చిక్కుడు గింజలు, కర్రపెండలం, చిలగడదుంప, ఆకుకూరతో గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికిస్తారు. కలిగిన రోజు మాంసం, లేని రోజు చేపముక్క.

1460లలో పోర్చుగీసువాళ్ళు వచ్చేనాటికి ఈ దీవుల్లో మనుషులే లేరు. ఆఫ్రికా తీరం నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన జనం, అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కజొన్న ఇక్కడ ఒకే కుండలో కలిశాయి. వాన సరిగ్గా పడని నేల. 1940ల కరువుల్లో వేలాదిమంది ఆకలితో చనిపోయారు, వలసపాలకులు పట్టించుకోలేదు. అది తెలిశాక ఆ ప్లేటులో ఒక్క గింజ కూడా వదలబుద్ధి కాలేదు. స్వాతంత్ర్యం వచ్చింది 1975లో.

ఎవరైనా వెళ్తే పొద్దున్నే తినండి. మాంసం తిననివాళ్ళు ముందే అడగండి, చాలాసార్లు కుండలోనే పంది మాంసం పడుతుంది.