నర్సాపురం నుంచి పాశర్లపూడి దాకా, మధ్యలో నాబోతు తోట

నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ దిగేసరికి మావయ్య స్కూటీతో స్టేషన్ బయటే ఉన్నాడు. ఆదివారం కదా, కబుర్లకి టైమ్ లేదు, స్నానం, పెసరట్టు ఉప్మా, తొమ్మిదిన్నరకల్లా సహవాసంలో, అంటే సంఘం ఆరాధనలో ఉండాలి. మావయ్య వాళ్ళది బ్రదరన్ సంఘం, 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ తాలూకు సంఘాలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. పాస్టర్ అని విడిగా ఎవరూ ఉండరు, కుర్చీలు చుట్టూ వేసి మధ్యలో ఒక బల్ల, దాని మీద రొట్టె, గిన్నె, పైన తెల్లగుడ్డ, ఆ గుడ్డ అంచుకి నర్సాపురం లేసు, ఎవరో ఇంట్లో అల్లిందే అయ్యుంటుంది, ఒక మూల దారం కొంచెం ఊడి ఉంది. ఎవరికి ప్రేరేపణ వస్తే వాళ్ళు లేచి ప్రార్థన చేస్తారు, లేకపోతే అందరూ మౌనంగా కూర్చుంటారు, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏం వినపడదు.

అయిపోయాక ఒక పెద్దాయన "వందనాలు బ్రదర్, ఏం చేస్తుంటారు" అని అడిగారు. నేను కరెంటు లెక్కలు చూసే ఉద్యోగమండీ, ఏ రాష్ట్రానికి ఎంత కావాలి, బొగ్గు ఎంత, సోలార్ ఎంత, అణు ఎంత, ఇదే పని అన్నాను. అణు అనగానే ఆయనకి కొవ్వాడ గుర్తొచ్చింది, శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో 1208 మెగావాట్ల రియాక్టర్లు 6 పెడతామంటున్నారు కదా, అది. మీరేమనుకుంటున్నారండీ అని అడిగితే ఆయన నవ్వి "మన పౌరస్థితి పరలోకమునందున్నది బ్రదర్, ప్లాంటు కడితే ఏంటి కట్టకపోతే ఏంటి, అధికారులకి లోబడి ఉండమన్నాడు పౌలు, అంతే" అన్నారు. పాతకాలం బ్రదరన్ పెద్దలు కొంతమంది ఓటు కూడా వేసేవాళ్ళు కాదంట. పరలోకం సంగతి సరే కానీ పైన ఫ్యాన్లు తిరిగేది ఈ లోకపు కరెంటుతోనే కదా అని నోటిదాకా వచ్చింది, మావయ్య పరువు తియ్యడం ఎందుకులే అని ఊరుకున్నా.

మావయ్య మాత్రం ఊరుకునే రకం కాదు, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్. మధ్యాహ్నం భోజనాలయ్యాక "పద, అవతల గట్టుకి వెళ్ళొద్దాం" అని స్కూటీ తీశాడు. రేవులో పంటు ఎక్కాం, అంటే బళ్ళని కూడా ఏరు దాటించే పెద్ద పడవ, సఖినేటిపల్లి వైపు. పంటు మీద బైకులు, కొబ్బరికాయల ఆటో, రెండు కార్లు, ఒక పెళ్ళి బ్యాచ్, డీజిల్ పొగ. వశిష్ఠ గోదావరి మధ్యకి వచ్చాక మావయ్య మొదలుపెట్టాడు.

"ఒరేయ్ అల్లుడూ, అధికారులకి లోబడమనే రోమా 13 ఒక్కటే చదివితే ఎలా, నాబోతు కథ చదవొద్దూ?"

తెలియనివాళ్ళకి చెప్తా. బైబిల్లో అహాబు అని ఒక రాజు, నాబోతు అని ఒక రైతు. రైతు ద్రాక్షతోట రాజు కోట పక్కనే ఉంది, రాజుకి అది కావాలి. ఊరికే అడగలా, దీనికంటే మంచి తోట ఇస్తా, లేదంటే డబ్బిస్తా అన్నాడు, అంటే ఇప్పటి లెక్కలో ప్యాకేజీ అన్నమాట, పైగా మంచి ప్యాకేజీ. నాబోతు మా పితరుల స్వాస్థ్యం ఇవ్వను అన్నాడు. తర్వాత తప్పుడు కేసు, రాళ్ళతో కొట్టి చంపడం. అప్పుడు ఏలీయా అనే ప్రవక్త వచ్చి రాజుని నిలదీశాడు. మావయ్య పాయింట్ ఏంటంటే కేసు పెట్టే పద్ధతి కూడా మారలేదంట, తమిళనాడులో కూడంకుళం అణు ప్లాంటు చూడు అన్నాడు. అక్కడ ఇడింతకరై అనే మత్స్యకారుల ఊళ్ళో లూర్దు మాత చర్చి ఆవరణే ఉద్యమానికి అడ్డా, జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత 2011 నుంచి గట్టిగా నడిచింది, వేలమంది మీద దేశద్రోహం కేసులు పెట్టారు. 2013 మేలో సుప్రీంకోర్టు ప్లాంటుకి ఓకే చెప్పింది, ఇప్పుడు రెండు యూనిట్లు నడుస్తున్నాయి.

నేను నా లెక్కలు తీశా. మావయ్యా, బొగ్గు పొగ వల్ల పోయే ప్రాణాలతో పోలిస్తే, యూనిట్ కరెంటుకి ఎంతమంది అని చూస్తే అణు కరెంటు వందల రెట్లు నయం, బొగ్గు ప్లాంటు పక్కన ఉన్నోడు పొరుగువాడు కాదా, వాడి ఊపిరితిత్తులకి బైబిల్లో చోటు లేదా? జర్మనీలో ఏం చేశారు, 2011లో ఎథిక్స్ కమిషన్ వేసి అందులో ఒక కార్డినల్‌ని, ఒక ప్రొటెస్టెంట్ బిషప్‌ని కూర్చోబెట్టారు, పాస్టర్ కూతురైన అప్పటి చాన్సలర్ మెర్కెల్ అణు ప్లాంట్లు మూసేద్దాం అంది, చివరి మూడూ 2023 ఏప్రిల్ 15న మూసేశారు, బొగ్గు ప్లాంట్లేమో ఆ రోజు కూడా నడుస్తూనే ఉన్నాయి. ఇందులో నీతి ఏముంది? వాటికన్ అయితే 1957 నుంచి అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో సభ్యురాలు. అదే చర్చిలో జపాన్ బిషప్పులు 2011 నవంబర్లో ప్లాంట్లన్నీ వెంటనే ఎత్తెయ్యమన్నారు, 2019లో పోప్ ఫ్రాన్సిస్ జపాన్ నుంచి తిరిగెళ్తూ పూర్తి భద్రత వచ్చేదాకా నేనైతే వాడను, ఇది నా సొంత అభిప్రాయం అన్నారు. అంటే వాళ్ళలో వాళ్ళకే తేలలేదు.

"తేలదురా. భద్రత గురించి వాదిస్తే నీ లెక్కే గెలుస్తుంది, నాకు తెలుసు. నేను అడిగేది అది కాదు" అన్నాడు, అంతలో పంటు గట్టుకి తగిలింది, బైకులవాళ్ళందరూ ఒకేసారి స్టార్ట్ చేశారు, మాట ఆగిపోయింది.

మలికిపురం, రాజోలు, తాటిపాక. రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి తోటలు, మధ్యమధ్యలో చెరువులు, అక్కడక్కడా గ్యాస్ పైప్‌లైన్ పోతోందని పసుప్పచ్చ బోర్డులు. నగరం అనే ఊళ్ళో ఆగాం. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఇక్కడే పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ గ్యాస్ కొండపల్లి దగ్గర కరెంటు ప్లాంటుకి వెళ్ళేది. ఇప్పుడు చూస్తే మామూలు ఊరు, కిరాణా కొట్టు, సెల్ రీఛార్జ్, స్కూలు బ్యాగుల షాపు. కొంచెం ముందుకెళ్తే పాశర్లపూడి, 1995 జనవరిలో ఇక్కడ గ్యాస్ బావి బ్లోఅవుట్ అయ్యి, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నుకొచ్చి, 65 రోజులు మండింది. మావయ్య అప్పుడు అమలాపురం వెళ్ళొస్తూ చూశాడంట, రాత్రిపూట కూడా ఆకాశం ఎర్రగా ఉండేదని, దగ్గర ఊళ్ళవాళ్ళు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతుంటే ఎదురొచ్చారని చెప్పాడు.

అక్కడ టీ కొట్టు దగ్గర ఆపి అసలు విషయానికి వచ్చాడు. "గ్యాస్ ఇక్కడ, మంట ఇక్కడ, కరెంటు ఎక్కడికో పోతుంది. ఇక్కడ గ్యాస్ తియ్యొచ్చా అని ఎవడైనా ఈ కొట్టు వాణ్ణి అడిగాడా? కింది స్థాయిలో చెయ్యగలిగింది పైవాడు లాక్కోకూడదని 1931లోనే పోప్ పయస్ రాశాడు. అణు ప్లాంటు పంచాయతీ నడుపుతుందా? 1962 అణుశక్తి చట్టం నాటి నుంచీ అంతా ఢిల్లీ చేతిలోనే నడిచింది."

సరే మావయ్యా, మరి కాటన్ దొరో? 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు, భక్తిపరుడు కూడా, ఏ ఊరి తీర్మానం తీసుకుని కట్టాడు? అడుగుతూ కూర్చుంటే ఈ పచ్చదనం ఉండేదా, ఇక్కడ ఊరూరా ఆయన విగ్రహానికి దండలు వేస్తారు కదా అన్నాను. మావయ్య టీ గ్లాసు పట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆనకట్ట పాడైతే బాగు చేసుకుంటాం, మళ్ళీ కడతాం. ప్లుటోనియం సగం తగ్గడానికే 24 వేల ఏళ్ళు, క్రీస్తు పుట్టి ఎన్నాళ్ళయింది? అప్పటిదాకా పుట్టబోయేవాళ్ళలో ఎవర్ని అడుగుతావ్?" అన్నాడు. దీనికి నా దగ్గర ఇంజినీరింగ్ జవాబు ఉంది, లోతుగా రాతిలో పూడ్చొచ్చు, ఫిన్లాండ్ అందుకు సొరంగాలు తవ్వింది. కానీ ఆయన అడిగింది ఎక్కడ పూడుస్తారు అని కాదుగా.

నా మటుకు నేను ఇప్పటికీ అణు కరెంటు కావాలనే అంటాను, బొగ్గు తగ్గాలంటే వేరే దారి నాకు కనపడట్లేదు. కానీ 2010లో చేసిన అణు నష్టపరిహార చట్టంలో, ప్రమాదం జరిగితే ప్లాంటు నడిపేవాళ్ళు కట్టాల్సిన దానికి 1500 కోట్లు అని సీలింగ్ పెట్టారు, అది మాత్రం నాకు మింగుడుపడలేదు, అంత సేఫ్ అని చెప్పేవాళ్ళకి సీలింగ్ ఎందుకసలు? ఇది చెప్తే మావయ్య మొహం వెలిగింది, "ఆ, ఇప్పుడు దారిలోకొచ్చావ్" అని ఇంకో టీ చెప్పాడు.

అయినా వదల్లేదు నేను, కొవ్వాడలో మన సంఘం వాళ్ళు ఎంతమంది ఉంటారు మావయ్యా, మీ పెద్దలు ఎందుకు పట్టించుకుంటారు అన్నాను.

"నాబోతు ఏ సంఘం మెంబరని ఏలీయా అడిగాడా ఏంటి?"

దీనికి మాత్రం నేను నిజంగానే నవ్వేశా. తిరుగు పంటుకి లేటవుతోందని స్కూటీ తీశాం. దారిలో వచ్చే నెల కొవ్వాడ వెళ్ళి చూసొద్దామని ఆయనే ప్లాన్ వేశాడు, రణస్థలం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఆదివారం మాత్రం కుదరదంట, సహవాసం ఉంది కదా, శుక్రవారం బయల్దేరదాం, నువ్వు సెలవు పెట్టుకో అన్నాడు.