ట్యాంకులో డీజిల్ ఉండగానే ఆగిపోయే బండి: నా అనుభవం

మాది దేవరకొండ దగ్గర ఊరు. బత్తాయి తోటల్లో కాయ ఎత్తి నల్గొండకో, బాటసింగారం మార్కెట్‌కో వేసే పాత టాటా 407 ఉంది నాకు. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు, నాజిళ్లకు డీజిల్ కొట్టే పాతకాలం ఇన్‌లైన్ పంపు బండి, దాని పక్కనే ట్యాంక్ నుంచి డీజిల్ గుంజే చిన్న ఫీడ్ పంపు. పోయిన కత్తెర కాపు మొదలైన కాడి నుంచి నాలుగు నెలలు నన్ను సతాయించింది.

మొదటిసారి మాల్ ఊరు దాటినంక చిన్న ఎత్తు ఎక్కుతుంటే జరిగింది. పెడల్ నొక్కినా పికప్ రాలేదు, రెండు మూడు కుదుపులిచ్చి బండి ఆగింది. వెనక మూడు టన్నుల దాకా కాయ. గేజ్ చూస్తే ముల్లు పావుకు కొంచెం పైనే ఉంది. బానెట్ ఎత్తి ఫీడ్ పంపు మీది చేతిపంపు కొడితే ఖాళీగా ఆడుతోంది, చేతికి బరువే తగల్లేదు. యాభై అరవై సార్లు కొట్టినంక గట్టిపడింది. సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయింది. పది కిలోమీటర్లు పోయినంక మళ్లీ అదే కథ.

మెకానిక్‌కు చూపిస్తే ఫిల్టర్లు రెండూ మార్చాడు. తగ్గలేదు. తర్వాత ఫీడ్ పంపు మార్చాడు. వారం బాగుంది, మళ్లీ మొదలు. ఇక మెయిన్ పంపే విప్పాలన్నాడు. ఆ ఖర్చు వింటే గుండె జారింది. అప్పటిదాకా డబ్బు పోయింది కానీ జబ్బు ఎక్కడుందో ఎవరూ వెతకలేదు.

మా చిన్నాయన ఇరవై ఏండ్లు లారీ నడిపిన మనిషి. ఆయన ఒక్కటే అడిగాడు: “ట్యాంక్ ఫుల్ చేసిన రోజు ఎప్పుడన్న ఆగిందా బిడ్డా?” గుర్తు చేసుకున్నా. లేదు. ఫీడ్ పంపు మార్చినంక వారం బాగుండటానికి కారణం కూడా అదే, ఆ వారం ట్యాంక్ నిండా కొట్టించి తిరిగాను. “అట్లయితే పంపు కాదురా. ట్యాంకుల పైపు గాలి గుంజుతున్నది” అన్నాడు.

అప్పుడు అర్థమైంది. ట్యాంక్ నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ను నెట్టేది ఏదీ లేదు, పంపు దాన్ని గుంజుకుంటుంది. ఆ దారిలో చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే ఒక్క చుక్క కారకుండా, ఒక్క మరక కనపడకుండా బండి ఆగిపోతుంది. ట్యాంక్ లోపలి పైపుకే చిల్లు ఉంటే, డీజిల్ మట్టం చిల్లుకు పైన ఉన్నంతసేపు ఏమీ తెలియదు. మట్టం చిల్లు కిందికి దిగిన క్షణం నుంచి గాలి మొదలవుతుంది.

చిన్నాయన మాట నిజమో కాదో తేల్చుకోవడానికి రెండు పనులు చేశాను. ఫీడ్ పంపుకు ముందున్న రబ్బరు పైపు తీసి, అదే సైజు తెల్లటి పారదర్శక పైపు మూరెడు వేశాను. ట్యాంకులో డీజిల్ తక్కువున్నప్పుడు రేస్ ఇస్తే అందులో బుడగలు వరసకట్టి పోయాయి, సోడా బుడ్డిలో లేచినట్టు. తర్వాత ట్యాంక్ పైపు విడదీసి, ఫీడ్ పంపు గుంజే పైపును కేబిన్ పక్కన కట్టిన డబ్బాలో ముంచాను. డబ్బాలో ఐదు లీటర్ల శుభ్రమైన డీజిల్. కొండమల్లేపల్లి దాకా పోయి వచ్చాను, ఒక్క కుదుపు లేదు. పంపు, ఫిల్టర్లు, నాజిళ్లు అన్నీ మంచిగనే ఉన్నాయి. ఈ డబ్బా పరీక్షకు గంట పట్టింది. మొదట్లోనే చేసి ఉంటే ఫీడ్ పంపు డబ్బులు మిగిలేవి.

ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే ట్యాంక్ మీద పడ్డాం. పొద్దున్నే ఎందుకో చెప్పాలి. డీజిల్ పెట్రోల్ లాగా అంటుకోదని మనవాళ్లకు గట్టి నమ్మకం. కానీ మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే రవ్వ తగిలితే దాని ఆవిరి అంటుకునేంత వేడి, కనీసం 35 డిగ్రీలుంటే చాలు. మా నల్గొండ ఎండాకాలంలో 42, 43 మామూలే. అంటే ఖాళీ ట్యాంకులోని ఆవిరికి ఒక్క రవ్వ చాలు. ట్యాంకుకే గ్యాస్ పెట్టి అతికిస్తామనే వాళ్లున్నారు. దయచేసి ఒప్పుకోవద్దు. మేం ముందు బ్యాటరీ వైరు తీసి, బీడీలు దూరం పెట్టించాం.

కింది బోల్టు విప్పి డీజిల్ డబ్బాల్లోకి దించాం. చివరి రెండు లీటర్లు నల్లగా, జిగురుగా, అడుగున నీళ్లతో వచ్చాయి. నీళ్లు డీజిల్ కంటే బరువు కదా, ఏండ్లుగా అక్కడే కూర్చున్నాయి. ఆ రెండు లీటర్లూ పారబోశాం, మిగతాది బట్టతో వడగట్టి పెట్టుకున్నాం. ట్యాంక్ పైన దుమ్ము అట్టకట్టి ఉంది. మూత స్క్రూలు విప్పేముందే బ్రష్‌తో, గాలితో అదంతా పోగొట్టాం. లేకపోతే ఆ మట్టి అంతా లోపల పడేది.

మూతతో పాటు పైపు బయటికి వచ్చింది. చూడటానికి బాగానే ఉంది. కింద జాలికి మాత్రం నాచులాంటిది అల్లుకుని సగం మూసుకుపోయింది. కొన రబ్బరు బిరడాతో బిగించి, పైపును బకెట్ నీళ్లలో ముంచి, పైనుంచి సైకిల్ పంపుతో గాలి కొట్టాం, పంక్చర్ షాపులో ట్యూబ్ చూసినట్టు. ఒకే ఒక్కచోట సన్నటి దారంలా బుడగలు లేచాయి. తుడిచి చూస్తే తుప్పు చుక్క, దాని నడుమ సూది మొనంత చిల్లు. కింది కొన నుంచి 9 సెంటీమీటర్లు. పైపు ట్యాంక్ అడుగుకు 2 సెంటీమీటర్ల పైన ఆగుతుంది కాబట్టి అడుగు నుంచి 11. ట్యాంక్ లోతు 33. అంటే 60 లీటర్లలో 20 మిగిలినప్పుడు జబ్బు మొదలు కావాలి. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ వెనక్కి జరుగుతుంది కాబట్టి ఇంకా ముందే. నాలుగు నెలల లెక్క ఆ చుక్క దగ్గర సరిపోయింది. చిన్నాయన ఏం మాట్లాడలేదు, పైపును ఎండకు పట్టుకొని చాలాసేపు చూశాడు.

చిల్లును అతికిస్తే సరిపోయేదేమో కానీ చుట్టూ పైపు పలచబడింది, అందుకే మొత్తం మార్చాను. షాపులో జీఐ పైపు ఇవ్వబోయారు. వద్దన్నాను. దాని మీది జింక్ పూత డీజిల్‌తో కలిసి సబ్బులాంటి పదార్థమై ఫిల్టర్లను మూసేస్తుంది. మామూలు ఇనుప పైపు, పాతదానంత లావుదే, కోయించాను. పాత మూతను వేడి సర్ఫు నీళ్లతో రెండుసార్లు కడిగి ఆరబెట్టి, గ్యాస్ వెల్డింగ్ షాపులో ఇత్తడితో అతికించాను. ట్యాంక్ మాత్రం ఇంట్లోనే ఉంది. పొడవు దగ్గర జాగ్రత్త పడ్డాను. అడుగుకు మరీ ఆనితే మడ్డి గుంజుతుంది, పైకి పోతే ఆ మేరకు డీజిల్ వాడుకోలేం. అదే 2 సెంటీమీటర్లు ఉంచాను. ఇంటికొచ్చినంక మళ్లీ బకెట్‌లో ముంచి చూశాను. బుడగ లేదు.

కొత్త జాలి, కొత్త గ్యాస్కెట్, రబ్బరు పైపులన్నీ కొత్తవి, బిగించడానికి తీగ కాకుండా క్లిప్పులు. పైపు కొనలను బిగించే బంజో బోల్టుల (నడుమ డీజిల్ పోయే రంధ్రమున్న బోల్టులు) రాగి వాచర్లు ఒక సైజు దొరకలేదు. పాతవాటినే ఎర్రగా కాల్చి చల్లార్చాం, మెత్తబడి మళ్లీ కూర్చున్నాయి.

చివరికి గాలి తీయడం. ఫిల్టర్ మీది స్క్రూ కొంచెం వదులు చేసి చేతిపంపు కొడుతుంటే ముందు నురగ, తర్వాత బుడగలు, ఆఖరికి గాజులాంటి డీజిల్ వచ్చింది. అది కారుతుండగానే బిగించాలి. రెండో ఫిల్టర్, తర్వాత పంపు మీది స్క్రూ, అదే వరస. ఆ తర్వాత నాజిల్ పైపుల నట్లు అర చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టించాం. ఇక్కడ వేలు పెట్టొద్దు, ఆ వత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగుతుంది. నట్లు బిగించి రెండోసారి కొట్టగానే బండి అందుకుంది.

కావాలనే ట్యాంకులో పది లీటర్లే పోసి, తర్వాతి రోజు కాయ ఎత్తుకొని బయల్దేరాను. మాల్ దాటినంక అదే ఎత్తు. మూడో గేర్‌లో, ఒక్క కుదుపు లేకుండా ఎక్కింది. పక్కన కూర్చున్న చిన్నాయన అప్పటిదాకా ఊపిరి బిగబట్టినట్టున్నాడు, పైకి చేరగానే “ఇగ డీజిల్ కొట్టించు బిడ్డా” అన్నాడు.