నాలుగు బూరెలు

302 గారు ఈ సాయంత్రం లిఫ్టులో నాతో మాట్లాడలేదు. నేను కూరల సంచితో ఎక్కేసరికి ఆయన లోపలే ఉన్నారు. నన్ను చూడగానే ఫోన్ తీసి ఏదో చదువుకోవడం మొదలుపెట్టారు. లిఫ్టు అద్దంలో ఆ ఫోన్ స్క్రీను నాకు కనిపిస్తోంది. నల్లగా ఉంది. ఆన్ కూడా చేయలేదు పాపం. మూడో అంతస్తు వచ్చేదాకా ఆ నల్ల పలకనే బొటనవేలితో పైకి తోస్తూ నిలబడ్డారు.

పదకొండయింది. అత్తయ్య టీవీ కట్టేసి పడుకున్నారు, మా ఆయన సంగతి మీకు తెలిసిందే, దిండుకు తల తగిలితే ఇంక లోకం లేదు. నేను మాత్రం ఇంకా లిఫ్టులోనే ఉన్నాను.

గొడవంతా నా బొమ్మల డైరీలో ఆదివారం నాటి పేజీ వల్ల. మా అపార్ట్‌మెంట్ కార్తీక వనసమారాధన కడియం దగ్గర ఒక తోటలో పెట్టారు. ఉసిరి చెట్టు కింద భోంచేయాలి కదా. తోట నిండా మామిడి, కొబ్బరి, ఓ మూల సపోటా, ఉసిరి ఒక్కటీ లేదు. కడియంలో మొక్కలకు కొదవా, ఎదురుగా ఉన్న నర్సరీకి పరుగెత్తి మోకాలెత్తు ఉసిరి మొక్కను గ్రో బ్యాగుతో సహా తెచ్చి మధ్యలో పెట్టారు. దానికి కట్టిన ధర చీటీ కూడా తీయలేదు, 60 రూపాయలు. ఆ చీటీతోనే పసుపూ కుంకుమా పెట్టించుకుంది, 501 వాళ్ళ అమ్మమ్మ గారు 365 వత్తుల కట్ట వెలిగిస్తుంటే గాలికి ఆ చీటీ వెళ్ళి దీపంలో పడబోతే ఎవరో కుర్రాడు రెండు వేళ్ళతో పట్టుకుని పూజ అయ్యేదాకా అలాగే వంగి నిలబడ్డాడు. నలభై ఇళ్ళ వాళ్ళం ఆ మోకాలెత్తు చెట్టు నీడన భోంచేశాం. ఈ పదిహేడు పుస్తకాల్లో నాకు బాగా నచ్చిన పేజీల్లో అదొకటి. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదనుకోండి, అది వేరే సంగతి.

అందరూ మాట్లాడింది దాని వెనక పేజీ గురించి.

ఆ పేజీలో బఫే వరస ఉంది. కంద బచ్చలి, పులిహోర, దప్పళం, చివర్లో బూరెలు. వరసకి ఇవతల మామిడి మొదలు దగ్గర 302 గారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ప్లేటు ఎడమ అరచేతిలో, కుడి బొటనవేలితో బూరెకు సరిగ్గా నడినెత్తిన కన్నం పెట్టారు. బూరె పగలకుండా, అంచు విరగకుండా, లోపలి పూర్ణం వేలికి అంటకుండా. అందులో నెయ్యి పోయించుకుని, అది లోపలికి ఇంకేదాకా కదలకుండా దాని వంకే చూస్తూ ఆగారు. ఆ ఆగడం చూసే నేను పెన్ను తీశాను. పసిపిల్లాడు పిచుక గూట్లోకి తొంగిచూస్తున్నట్టు ఉంది ఆయన మొహం. పదేళ్ళుగా చూస్తున్నాను ఆయన్ని, మెయింటెనెన్స్ లెక్కల దగ్గరా, లిఫ్టు సర్వీసింగు దగ్గరా, ఆ మొహం ఎప్పుడూ చూడలేదు.

నేను వేసింది ఆ మొహం. జనం చూసింది ప్లేటు.

సెక్రటరీ గారు నా భుజం మీదుగా ఫోన్ పెట్టి ఎప్పుడు ఫోటో తీశారో నాకు తెలీదు. సోమవారం పొద్దున్న లేచి చూస్తే గ్రూపులో ఉంది. అడగలేదు, చెప్పలేదు. పైగా ఉత్త ఫోటో కూడా కాదు, ఎవరి అబ్బాయో దాన్ని ఏదో యాప్‌లో వేసి రంగులు పులిమాడు. నా ఇంకు గీతలన్నీ మైనం పూసినట్టు నున్నగా అయిపోయి, అందరికీ గులాబీ బుగ్గలు, అందరికీ ఒకటే ముక్కు, వెనకాల మామిడి చెట్టు కాస్తా యాపిల్ చెట్టయింది, దాని కొమ్మ మీద గుడ్ మార్నింగ్. కింద నా సంతకం ఉందా అంటే అదీ లేదు, ఆ యాప్ దాన్ని గడ్డి అనుకుని పచ్చరంగు వేసింది. ముప్పై ఏళ్ళు గీశాను నేను. క్రోక్విల్ అనే సన్నటి నిబ్బు కాగితంలో దిగబడి ఇంకు చిమ్మితే మళ్ళీ మొదట్నించీ గీసి, వారపత్రికలకు తిరుగు టపా స్టాంపులు పెట్టి పంపి, అవి తిరిగొస్తే కవరు విప్పకుండానే బరువు చూసి కనుక్కుని, ఇవన్నీ పడి నేర్చుకున్న గీత అది. దాన్ని గడ్డి అంది. దానికి 43 దండాలు, 12 చప్పట్లు. మా ఇంట్లో నుంచే ఒక దండం వెళ్ళింది, ఎవరు పెట్టారో అడిగితే అత్తయ్య "బావుంది కదమ్మా, రంగులు కూడా వేశావు" అన్నారు. ఏం చెప్పను.

ఆ పైన మొదలయ్యాయి. మా పాప ఏది మేడమ్? నేను అంత లావుగా ఉన్నానా ఆంటీ? మా వారికి జుట్టు తక్కువ వేశారు. తంబోలాలో గెలిచింది నేనైతే మైకు పట్టుకున్నావిణ్ణి వేశారేంటి? ఒకావిడైతే చీర ఆ రోజు ఆకుపచ్చ, ఇందులో ఊదా వచ్చింది, మార్చగలరా అని. నేను వేసింది నలుపు తెలుపు తల్లీ అని టైప్ చేసి చెరిపేశాను.

వీటి మధ్యలో 302 వాళ్ళావిడ పెట్టిన మెసేజ్ ఒక్కటే చిన్నది. "4 బూరెలా???" అంతే. ఆయనకు షుగర్. నాకు నిజంగా తెలీదు. తెలిస్తే వేసేదాన్ని కాదా? ఏమో, వేసేదాన్నేనేమో.

మంగళవారం ఆయన మెట్ల దగ్గర ఎదురై, నలుగురూ ఉండగా, నవ్వుతూనే, "మేడమ్, ఆ పేజీ చింపేయండి" అన్నారు. నవ్వుతూ అన్నారు కాబట్టి నేనూ నవ్వాను. ఇవాళ లిఫ్టులో తెలిసింది అది నవ్వు కాదని.

నాకు కోపం వచ్చింది. చింపడమేంటి? పత్రికకు వేసే కార్టూన్‌లో మొగుడికీ పెళ్ళానికీ పేర్లుండవు, ఎవరూ వచ్చి అడగరు. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గారి కామన్ మ్యాన్ 1951 నుంచీ గళ్ళ కోటు వేసుకుని దేశమంతా తిరిగినా, ఆయనకో ఫ్లాట్ నంబరు లేదు కదా, ఆయన భార్య నుంచి ఎవరికీ మెసేజ్ రాదు. ఈ పుస్తకం వేరు. ఇందులో ట్యాంకర్ దగ్గర బిందెల వరసలో ఉన్నవాళ్ళు నిజంగా ఆ వరసలో ఉన్నవాళ్ళే, వినాయక చవితి లడ్డూ వేలంలో చెయ్యెత్తినవాడు నిజంగా ఎత్తినవాడే. 2015 పుష్కరాలప్పుడు మొదలుపెట్టాను, మా వీధిలో ప్రతి ఇంటికీ చుట్టాలు దిగిపోయి, మేడ మీద చాపల మీద ఎవరెవరు పడుకున్నారో గుర్తు పెట్టుకోవడానికి.

గోవాలో కార్టూనిస్టు మారియో మిరాండా ఇలాగే వేసేవాడు. చిన్నప్పుడు గోడల మీద గీస్తుంటే వాళ్ళమ్మ ఒక పుస్తకం చేతికిచ్చిందట. పాతికేళ్ళ వయసులో, 1950 ప్రాంతాల్లో, లౌటోలిం అనే తన ఊళ్ళో రోజుకో పేజీ, ఎవరింట్లో పెళ్ళి, ఎవరు వచ్చారు, ఫాదరీ గారు ఏం చేస్తున్నారు, అన్నీ బొమ్మలే. ఆ డైరీలు తర్వాతెప్పుడో అచ్చయ్యాయి. అవి తిరగేసినప్పుడల్లా నాకు కుళ్ళు. గీత చూసి కూడా, కానీ అంతకంటే ఆ ఊరికి వాట్సాప్ గ్రూపు లేనందుకు.

అసలు ఇదంతా నాకు మా నాన్నగారి నుంచి వచ్చిన జబ్బు. ఆయన బొమ్మలు వేసేవారు కాదు, ఎలిమెంటరీ స్కూలు మేష్టారు, దస్తూరీ ముత్యాల్లా ఉండేది. అందుకని మా ఊళ్ళో ఏ పెళ్ళయినా చదివింపులు రాయడానికి ఆయన్నే కూర్చోబెట్టేవారు. పందిట్లో ఓ వారకి చెక్కబల్ల, దాని మీద కొత్త నోటుపుస్తకం, మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు, పక్కన మైకు. నేను ఆయన కుర్చీ కోడు పట్టుకుని నిలబడేదాన్ని, నోట్లు లెక్కపెట్టి సంచిలో వేయడం నా పని అని చెప్పుకునేదాన్ని కానీ నిజానికి పెద్దాళ్ళెవరో వేసేవారు. పదకొండు, ఇరవయ్యొకటి, బాగా దగ్గరవాళ్ళయితే నూటపదహారు, మధ్యలో స్టీలు గిన్నె ఒకటి, గోడ గడియారం ఒకటి.

చిక్కేమిటంటే మా ఊరి నిండా సత్యనారాయణలు. అన్నవరం కొండ మొక్కు తీరితే పుట్టినవాడికి ఇంకో పేరు పెడతారా? ఒకే ఇంటిపేరుతో ఐదుగురుండేవారు. రేపు వాళ్ళింట్లో పెళ్ళయినప్పుడు ఎవరికి ఎంత తిరిగి చదివించాలో తేడా వస్తే ఊళ్ళో మాటా మాటా పెరుగుతుంది. అందుకని నాన్నగారు పేరు పక్కన మార్జిన్‌లో చిన్న గుర్తు వేసేవారు. ఒకాయనకు మీసం. ఒకాయనకు గొడుగు. ఒకాయనకు సైకిలు, రెండు సున్నాలు, మధ్యలో ఒక అడ్డగీత. ఒకాయనకు పొగ వస్తున్న చుట్ట. ఇంకొకాయనకు కాలు కొంచెం ఈడ్చే నడక, చేతికర్ర ఉండేది. ఆయనకు కర్ర పట్టుకున్న చిన్న పుల్ల మనిషిని వేశారు. నేను చూసిన మొదటి కార్టూన్లు అవే. ఆ తర్వాత చాలా ఏళ్ళకు పత్రికల్లో రాగతి పండరి గారి సంతకం చూసి, ఆడవాళ్ళు కూడా వేయొచ్చన్నమాట అనుకున్నాను కానీ, వేయాలన్న దురద మాత్రం ఆ మార్జిన్ దగ్గరే పట్టుకుంది.

కర్ర సత్యనారాయణ గారు ఒకసారి ఆ పుస్తకం చూశారు. పెళ్ళివారు లెక్క సరిచూసుకుంటుంటే ఆయన పక్కనే ఉన్నారు, పేజీ తన వైపు తిప్పుకుని, కళ్ళజోడు లేదేమో బాగా దూరంగా పెట్టి చూశారు. మా నాన్నగారి చెవులు ఎర్రబడటం నాకు గుర్తుంది. అందరూ ఆగారు. ఆయన తల ఎత్తి, "ఏంటి మేష్టారూ, నా కర్ర ఎడం చేతిలో కదా ఉంటుంది, కుడి చేతిలో పెట్టారేంటి?" అన్నారు. పందిరంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వారు.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను, ఇవాళ కూడా ఇక్కడ రాయడం మొదలుపెట్టింది ఎందుకంటే, చూడండి ఆ రోజుల్లో మనుషులు ఎలా ఉండేవారో, ఈ 302 గారు ఎలా ఉన్నారో అని దెప్పడానికే. తీరా రాశాక చూస్తే అది నా వైపు సాక్ష్యం చెప్పట్లేదు.

ఎందుకంటే ఆ కథలో నేనెప్పుడూ చెప్పని ముక్క ఒకటి ఉంది. ఆ రాత్రి ఇంటికొచ్చాక నాన్నగారు ఆ పుస్తకం అడిగి తెచ్చుకుని, లాంతరు దగ్గర కూర్చుని, పాత బ్లేడుతో ఆ పుల్ల మనిషి చేతి దగ్గర ఇంకును గీకారు. కాగితం చిల్లు పడకుండా, ఉఫ్‌మని ఊదుకుంటూ. తర్వాత ఎడం చేతిలో కర్ర వేశారు. మీసం సత్యనారాయణ గారికి ఆయన వేసిన మీసం ఏటేటా పెరిగింది, నిజం మీసం నెరిసి పలచబడినా సరే, దాన్ని ఎవరూ అడగలేదు, ఆయనా మార్చలేదు. అంకెలు మాత్రం ఎప్పుడూ కదల్లేదు. పదకొండంటే పదకొండే.

ఇప్పుడు నా సంగతి చెప్పేస్తాను. ఆ ప్లేట్లో ఉన్నవి రెండు.

నాకు బాగా గుర్తుంది, రెండే. ఒకటి వేలు పెట్టింది, ఒకటి పక్కన. నాలుగు ఎందుకు వేశానంటే, బొమ్మలో బూరె అంటే ఒక గుండ్రం, మీద ఓ చిన్న సొట్ట, అంతే కదా. రెండు గుండ్రాలు పక్కపక్కన వేస్తే కళ్ళజోడులా ఉంది. మూడు వేస్తే తిరగేసిన మొహంలా ఉంది. నాలుగు వేసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే అప్పుడు ప్లేటు నిండింది, కంటికి బావుంది. చెయ్యి దానంతటది వేసేసింది. మొహాన్ని సాగదీస్తే, పొట్ట పెంచితే, అది మీసం లెక్క. బూరెలు మీసంలోకి వస్తాయా అంకెల్లోకి వస్తాయా? షుగర్ ఉన్నాయన ప్లేట్లో అయితే అంకెలే. పొద్దున్నే లేచి వేలు గుచ్చుకునే ఇంట్లో నేను వెళ్ళి అంకె మార్చాను.

అయినా చింపేయండి అనడం మాత్రం నాకు నచ్చలేదు, అది ఇప్పటికీ నచ్చలేదు. "రెండే కదండీ తిన్నాను, నాలుగు వేశారేంటి" అని అడగొచ్చు కదా, ఆయన అలా అడిగుంటే నేను అక్కడికక్కడే తెల్ల ఇంకు తెచ్చి దిద్దేదాన్ని. చింపేస్తే వెనక వైపున్న ఉసిరి మొక్క కూడా పోతుంది, 60 రూపాయల చీటీతో సహా.

అన్నం తిన్నాక మా ఆయనకు ఆ పేజీ చూపించి, ఎన్ని కనిపిస్తున్నాయి అని అడిగాను. లైటు దగ్గర పెట్టుకుని లెక్కపెట్టి ఐదు అన్నారు. ఐదోది దప్పళం మరక.

తెల్ల ఇంకు సీసా తీశాను ఇందాక, గడ్డకట్టి ఉంది. వేన్నీళ్ళలో పెట్టి ఇది రాస్తున్నాను. రాస్తుంటే ఫోన్ మోగింది. 302 వాళ్ళావిడ. "మేడమ్ పడుకున్నారా? నిజం చెప్పండి, ఈయన ఎన్ని తిన్నారు? రెండే అని సత్యనారాయణ స్వామి మీద ఒట్టేస్తున్నారు."

చూడకుండా ఉండాల్సింది, చూసేశాను, నీలం టిక్కులు వెళ్ళిపోయాయి. "రెండేనండీ" అని కొట్టాను. కొట్టాక గుర్తొచ్చింది, నేను పెన్ను తీసేసరికే ఆయన ప్లేట్లో ఓ పక్క నెయ్యి మరకలు ఉన్నాయి. నేను చూసినవి రెండు. నేను చూడకముందు సంగతి నాకు తెలీదు. చెరిపేసి "నేను చూసినప్పుడు రెండు" అని కొట్టాను. అది ఇంకా ప్రమాదంగా ఉంది. మళ్ళీ చెరిపాను. అవతల ఆవిడకు నేను టైప్ చేస్తున్నట్టు కనిపిస్తూనే ఉంటుంది.