ట్యాపెట్ స్క్రూ థ్రెడ్డు పోయిందని హెడ్డు మార్చేయకండి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా బండి పాత హీరో హోండా స్ప్లెండర్, 97.2 సీసీ. ఆర్.ఉదయగిరి వైపు కొండ ఊళ్ల సంతలకు సరుకేసుకుని తిరిగే బండి కాబట్టి ట్యాపెట్లు సరిచేయించడం, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే స్క్రూకీ మధ్య గ్యాప్ సరిగ్గా పెట్టించడం, దానికి మామూలే. ఈసారి సర్వీసుకిచ్చిన చోట కుర్రాడెవరో ఎగ్జాస్ట్ (పొగ పోయే) వైపు ట్యాపెట్ స్క్రూ నట్టుని బలంకొద్దీ లాగేసినట్టున్నాడు, బయటికి తీసిన దగ్గర్నుంచి హెడ్డులో (వాల్వులుండే ఇంజిన్ తలభాగం) ఒకటే టిక్ టిక్. మూత తీసి తొమ్మిదో నంబరు స్పానర్ వేస్తే నట్టు తిరుగుతూనే ఉంది తప్ప బిగిసే మాటే లేదు.

మళ్లీ అదే షాపుకెళ్తే "హెడ్డు మొత్తం మార్చాలి మావయ్యా, ఇంకో దారి లేదు" అన్నారు. ఇంకొకాయన లాక్‌టైట్ (మరలు పట్టించే జిగురు) పోసి వదిలేయమన్నాడు. మరొకాయన ఒక చుక్క వెల్డింగ్ పెట్టమన్నాడు, వెల్డింగ్ పెట్టాక రేపు గ్యాప్ ఎలా మారుస్తామో ఆయనే చెప్పాలి. లాక్‌టైట్ అయినా పట్టుకోవడానికి మరలంటూ ఉండాలి కదా, పైగా అక్కడ ఎప్పుడూ మరిగే ఆయిలే. అలాగని ఎలాగోలా తిప్పేద్దామంటే, ఆ నట్టు ఊడి కామ్ చైన్‌లో (వాల్వుల్ని నడిపే కామ్‌ని తిప్పే గొలుసు) పడిందంటే ఇంజిన్ పని అయిపోయినట్టే. బండి స్టార్ట్ చేయకుండా ఆటోలో వేసి పాతపట్నం పట్టుకెళ్లాను. పేరుకి అది వేరే రాష్ట్రం గానీ మాకు పక్కవీధి లాంటిదే. మా తోడల్లుడికి అక్కడ నీటి మోటార్లు బాగుచేసే షాపుంది.

"పోయింది స్క్రూనా, ఆర్మా? ముందు అది చూడాలన్నయ్యా" అన్నాడు. ఈ మాట అంతవరకు ఒక్కరూ అనలేదు. ఆర్మ్ అంటే రాకర్ ఆర్మ్, కామ్ లేపితే ఊగి వాల్వుని నొక్కే మీట. ట్యాపెట్ స్క్రూ దాని చివరే ఉంటుంది. నట్టు పూర్తిగా తీసి, నలుచదరపు తల ఉన్న ఆ చిన్న స్క్రూని మెల్లగా విప్పి గుడ్డ మీద పెట్టాడు. మరల సందుల్లో సన్నటి ఇనుప పోగు చుట్టుకుని ఉంది. గోరుతో లాగితే స్ప్రింగులా వచ్చేసింది. కింద స్క్రూ మరలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అంటే ఆ పోగు రాకర్ ఆర్మ్ లోపలి మర అన్నమాట. కొత్త స్క్రూ తెచ్చి అదే ఆర్మ్‌లో పెట్టి చూస్తే అటూ ఇటూ ఊగింది, ఇంక అనుమానం లేదు. స్క్రూ మరే అరిగి ఉంటే ఒక స్క్రూ, ఒక నట్టుతో పోయేది.

ఆర్మ్‌కి పెద్ద కన్నం వేసి కొత్త మర కోయిస్తే పోదా అని అడిగాను. ఆర్మ్ గట్టిపరిచిన ఉక్కు, అక్కడ మిగిలే గోడ చాలా పల్చన, పైగా ఈ స్క్రూ మర మామూలు 5 ఎంఎం బోల్టు మర కాదు. దానికి పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 0.8 ఎంఎం ఉంటే దీనిది అంతకన్నా సన్నం. లేత్ వాడికిచ్చే డబ్బులకి కొత్త ఆర్మే వస్తుందన్నాడు. నిజమే, ఆర్మ్, స్క్రూ, నట్టు, గాస్కెట్ మొత్తం కలిపినా హెడ్డు ధర దరిదాపుల్లోకి కూడా రాలేదు.

హెడ్డు దించాల్సిన పని రాలేదు. ఎడమవైపు మూతలు తీసి, ఫ్లైవీల్ మీది టి గుర్తుని (పిస్టన్ పైకొసకు చేరిందని చెప్పే గుర్తు) గాడికి ఎదురుగా తెచ్చాం. రెండు ఆర్ములూ వదులుగా కదలాలి, అప్పుడే రెండు వాల్వులూ మూసుకున్నట్టు. కదలకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. కామ్ స్ప్రాకెట్ (చైన్ ఎక్కే పళ్ల చక్రం) విప్పేముందు కామ్ చైన్‌ని బైండింగ్ వైరుతో ఫ్రేముకి కట్టేయడం మర్చిపోకూడదు, లోపలికి జారిందంటే దాన్ని చేపలు పట్టినట్టు పట్టాలి! కామ్ బయటికి తీశాక, రాకర్ షాఫ్ట్ చివర ఉన్న మరలో 8 ఎంఎం బోల్టు ఎక్కించి లాగితే షాఫ్ట్ వచ్చేసింది, ఆర్మ్ చేతిలో పడింది. కామ్ తగిలే ముఖం కూడా కొంచెం అరిగి ఉంది, ఎలాగూ మార్చాల్సిందే.

బిగింపు తిరగేసి అదే పని. స్ప్రాకెట్ గుర్తు, టి గుర్తు రెండూ కుదిరాయా లేదా అని చైన్ ఎక్కించాక చేత్తో ఇంజిన్ తిప్పి మళ్లీ చూశాం. ఒక్క పన్ను తేడా వచ్చినా వాల్వులు తెరుచుకునే టైమింగ్ పోతుంది.

గ్యాప్ 0.05 ఎంఎం, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) ఆకు కొంచెం పట్టుకుని జారాలి. సౌండ్ పోవాలని ఇంకా టైట్ చేయించుకునేవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోయి, చివరికి వాల్వే కాలిపోతుంది, దానికంటే కాస్త టిక్ టిక్ నయం. నట్టు బిగించేటప్పుడు స్క్రూ తల కదలకుండా పట్టుకోవాలి, బిగించాక ఆకు మళ్లీ పెట్టి చూడాలి, ఎందుకంటే నట్టు బిగుసుకునేటప్పుడు గ్యాప్ ఎంతోకొంత మారుతుంది. బలం విషయానికొస్తే చిన్న స్పానర్‌ని మణికట్టుతో తిప్పితే చాలు, భుజం బలం అక్కర్లేదు.

మూతల ఓ-రింగులు పాతవే వేశాం, ఒకదాని దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది, అవి కూడా మార్చాలి. సంతకి బండి మళ్లీ ఘాట్ ఎక్కుతోంది. మొన్న తీసి చూస్తే గ్యాప్ పెట్టినచోటే ఉంది.