మంచులో స్పోర్ట్స్ కారుకి ఆల్ వీల్ డ్రైవ్ ఉండాల్సిందేనా?

మొన్న తెల్లవారుజామున, మంచు పేరుకున్న చిన్న ఎత్తు దగ్గర నా కారు ఆగిపోయింది. ఇంజిన్ పవర్ వెనక చక్రాలకే అందే రకం అది. యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, టైర్లు ఉన్నచోటే గిరగిరా తిరిగి మంచుని అద్దంలా నున్నగా చేసేశాయి. నాలుగు చక్రాలకీ పవర్ అందే ఆల్ వీల్ డ్రైవ్ కారు తీసుకోవాల్సిందని ఎంత బాధపడ్డానో!

తీరా చూస్తే తప్పు టైర్లది. ఇంకా వేసవి టైర్లే ఉన్నాయి. దాదాపు 7 డిగ్రీల కంటే చల్లబడితే వాటి రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. వింటర్ టైర్లు వేయించాక అదే కారు అదే ఎత్తు నింపాదిగా ఎక్కింది. వాటి మీద నిండా సన్నటి గాట్లు, మంచుని పట్టుకునేది అవే.

నాలుగు చక్రాలకీ పవర్ అందితే బండి తేలిగ్గా కదులుతుంది, నిజమే. 1980లో ఆల్ వీల్ డ్రైవ్‌తో ఆడి క్వాట్రో కారు వచ్చాక ర్యాలీ కారు పందేల తీరే మారిపోయింది. కానీ బ్రేక్ వేస్తే ఆపాల్సింది టైర్లే. పైగా సులువుగా వేగం అందుకుంటుంటే రోడ్డు ఎంత జారుతోందో తెలియదు. నా భయమంతా అదే. రోజూ నిటారు కొండదారి ఎక్కేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి అవసరమే. మిగతావాళ్లు ముందు వింటర్ టైర్లు వేయించండి. నాలుగూ మార్చాలి. వెనక రెండే మారిస్తే మలుపులో ముందు చక్రాలు మాట వినవు.