ఏమైనా చెప్పాడా?

రోడ్డు ప్రమాదంలో తండ్రితోపాటు కారులో ఉన్న ఆ బాబు ఈ రోజు కూడా నా థెరపీ గదిలో రెండు బొమ్మ కార్లను ఎదురెదురుగా తెచ్చి గుద్దించాడు. తరవాత వాటిని వెనక్కి జరిపి, చక్రాలు సరిగ్గా మొదటి చోటనే ఉండేలా సర్ది, మళ్లీ గుద్దించాడు. ఆటలో వినిపించాల్సిన నవ్వు గాని, కేక గాని లేదు. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో బడి బస్సుతో సహా అపహరణకు గురైన 26 మంది పిల్లల్లో చాలామందిని ఆ తరవాత పరిశీలించిన సైకియాట్రిస్టు లెనోర్ టెర్, సంతోషమన్నది లేకుండా అదే పనిగా సాగే ఇలాంటి ఆటను గురించి వివరంగా రాశారు. మామూలు ఆటతో పిల్లల మనసు తేలికపడుతుంది, దీనితో పడదు. అందుకే ఊరికే చూస్తూ కూర్చోకుండా, సాయానికి ఎవరైనా వస్తారేమోనని అడిగి, అంబులెన్సు బొమ్మను వాడి చేతికందేటంత దూరంలో పెట్టాను. వాడు దాన్ని తీసుకోలేదు, అలాగని పక్కకు తోసెయ్యనూ లేదు. నా లెక్కలో అది చిన్న విషయం కాదు.

"ఏమైనా చెప్పాడా మేడమ్?" అని వాళ్లమ్మ ఎప్పటిలాగే అడిగింది. నోరు విప్పించడమే వైద్యమన్న నమ్మకం పెద్దవాళ్లలో బాగా పాతుకుపోయింది. జుడిత్ కోహెన్, ఆంథోనీ మానరినో, ఎస్తర్ డెబ్లింగర్ ఇలా మనసు దెబ్బతిన్న పిల్లల కోసం రూపొందించిన థెరపీ సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు సాగుతుంది. జరిగినదాన్ని పిల్లలు తమ మాటల్లో చెప్పుకోవడం అందులో మధ్యలో గాని రాదు. అంతకు ముందే ఊపిరిని నెమ్మదిగా తీసుకోవడం, బిగుసుకున్న ఒంటిని వదులు చేసుకోవడం, భయాన్ని భయమని, కోపాన్ని కోపమని గుర్తుపట్టడం నేర్పాలి. ఆ పట్టు చిక్కకుండా కథ చెప్పమనడం ఈత రానివాణ్ణి నడి ఏట్లో దించడమే.

సెషన్‌లో మిగిలిన సగం ఆవిడకే ఇచ్చాను. రాత్రి పక్క తడిపినందుకు కోప్పడవద్దని, హారన్ వినగానే వాడు చెవులు మూసుకుంటే "ఏం కాదులే" అని కొట్టిపారెయ్యకుండా "అది బయట హారన్, నువ్వు ఇంట్లో నా దగ్గరే ఉన్నావు" అని చెప్పమని అన్నాను. అంతా విని, ఆ రోడ్డు మీదికి తానూ ఇంతవరకు వెళ్లలేకపోయానని చెప్పి ఏడ్చింది. తల్లిదండ్రులతో కూర్చోవడాన్ని అదనపు పనిగా చూసే థెరపిస్టులంటే నాకు (పైకి అనను గాని) చిరాకు.

మధ్యాహ్నం వచ్చిన 15 ఏళ్ల అమ్మాయి దగ్గర బొమ్మలు పనికిరావు. ఎప్పుడూ తలుపు కనిపించే కుర్చీలోనే కూర్చునే ఆ పిల్ల, భయాన్ని సున్నా నుంచి పది దాకా కొలిచి రాసుకునే నోటు పుస్తకాన్ని తానే తెరిచి, రద్దీలో ఎనిమిదికి చేరినది పాదాలు నేలకు గట్టిగా ఆనించి నిలబడ్డాక అయిదుకు దిగిందని చూపించింది. సున్నాకు ఎందుకు రాలేదని నేను అడగలేదు.

బాబు టీచరుతో నేను మాట్లాడటానికి వాళ్లమ్మ ఒప్పుకుంది. రోడ్డు వైపు కిటికీ పక్క నుంచి వాణ్ణి వేరే బెంచీకి మార్చమని, అయితే ఏ బెంచీ కావాలో వాణ్ణే ఎంచుకోనివ్వమని ఆ టీచరును కోరాలి.