వోల్గా ఒడ్డున వేలిగోరంత వెండి

మా అక్క కూతురు రష్యాలోని కజాన్‌లో మెడిసిన్ చదువుతోంది. జూన్‌లో దాన్ని చూడ్డానికి వెళ్తే, "పిన్నీ, కజాన్ తర్వాత చూద్దువు గానీ, ముందు బోల్గార్ పద" అని బోటు ఎక్కించింది. పాత నాణేలంటే నాకు ప్రాణమని దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

వోల్గా మీద రెండు గంటల పైన ప్రయాణం. దిగిన రేవు భవనంలోనే మ్యూజియం. నాణేలున్న అద్దాల పెట్టె దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. గోల్డెన్ హోర్డ్ అనే మంగోలు రాజ్యపు ఖాన్ల వెండి దిర్హమ్‌లు! బొటనవేలి గోరంత ఉన్నాయి. ఒక్కోటి గ్రామున్నర అటూ ఇటూ, అంటే తులం వెండికి ఏడెనిమిది.

1236లో మంగోలులు ఈ ఊరిని తగలబెట్టారు. తర్వాత ఇక్కడే టంకశాల పెట్టించి నాణేలు కొట్టించారు. మొదట్లో వాటి మీద వేయించిన పేరు బాగ్దాదు ఖలీఫా అన్ నాసిర్‌ది. ఆయన 1225లోనే చనిపోయాడు! జనానికి అలవాటైన పేరుంటేనే వెండి చేతులు మారుతుందని కొత్త ఏలికలు అనుకున్నారేమో. మెంగు తైమూర్ (1266–80) కాలానికి గానీ హోర్డ్ ఖాన్ సొంత పేరు నాణెం ఎక్కలేదు. పేరు పక్కనే తమ్గా ఉంటుంది. గుర్రాలకు వాత పెట్టే వంశపు గుర్తు అది.

బయట ఒక దుకాణంలో డబ్బు కడితే మనమే నాణెం కొట్టుకోవచ్చు. కింది అచ్చు దుంగలో దిగేసి ఉంది. దాని మీద బిళ్ల పెట్టి, పై అచ్చును ఎడమ చేత్తో నిలబెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. నా చెయ్యి కదిలింది, రాత ఒక పక్కకి జారిపోయింది. లోపల చూసిన జానీ బేగ్ అనే ఖాన్ నాణేల అంచున అక్షరాలు ఎందుకు తెగిపోయాయో అప్పుడు అర్థమైంది. టంకశాలలో రోజంతా సుత్తి ఎత్తిన ఆ పనివాడి భుజం గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

1330ల్లో గోల్డెన్ హోర్డ్‌ను ఏలుతున్న ఉజ్బెక్ ఖాన్ దగ్గరికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఈ రాజ్యంలో మంచి గుర్రం యాభై అరవై దిర్హమ్‌లేనని రాశాడు. వాటిని వేల లెక్కన మందలుగా హిందుస్థానానికి తోలుకెళ్తారట. అక్కడ చవక గుర్రమే వంద వెండి దీనార్లు! నేను చూసిన నాణేలతో లెక్కేస్తే, ఇక్కడ ఆరేడు తులాల వెండికి గుర్రం. మన ఇళ్లలో ఒక జత పట్టీల బరువు. అప్పుడు ఢిల్లీ గద్దె మీద ఉన్నది, 1323లో ఓరుగల్లును పట్టుకున్న మహమ్మద్ బిన్ తుగ్లకే.

బోల్గార్‌లో వేసవి రాత్రి ఎంత చిన్నదో చూడ్డానికే వచ్చానని కూడా బతూతా రాశాడు. ఆయన అసలు బోల్గార్ దాకా రాలేదంటారు కొందరు పండితులు. మేం మాత్రం ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాం. మూడింటికల్లా వెలుగొచ్చేసింది. పిల్ల ఇంకా నిద్రలోనే ఉంది. నేను కిటికీ దగ్గర నా వంకర బిళ్లను తిప్పి చూసుకున్నాను. అక్షరాలు సగం పోయాయి గానీ, తమ్గా నిండుగా పడింది.